బెనోమిల్ పొడి, 5 గ్రాముల సీసా: ఈస్ట్ ప్రాక్టికల్స్‌కి కొనవచ్చా?

రేటింగ్ ముందే చెప్పేస్తాను: ఐదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్క మార్కు పొడికి కాదు, అమ్మినవాళ్లకి. ఆ గొడవ కింద రాశాను.

నేను సియాటిల్ దగ్గర ఒక కాలేజీలో బయాలజీ టీచింగ్ ల్యాబ్ చూసుకుంటాను. గ్లవ్స్ దగ్గర్నుంచి అగార్ దాకా ఆర్డర్ పెట్టేదీ, సెమిస్టర్ చివర లెక్క చెప్పేదీ నేనే. మనవైపు నుంచి ఎమ్మెస్‌కి, పీహెచ్‌డీకి వచ్చి ఈస్ట్ ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు "అక్కా, బెనోమిల్ కొనమంటారా, నోకోడజోల్ కొనమంటారా?" అని అడుగుతూనే ఉంటారు. రెండూ కణ విభజనను అడ్డుకునే మందులే. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వస్తువు ఏమిటంటే, పరిశోధనకు వాడే గ్రేడు బెనోమిల్, ముదురు గోధుమరంగు గాజు సీసాలో. లోపల తెల్లటి పొడి. మూత తీస్తే కాస్త ఘాటు వాసన, కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే తీయాలి. పుట్టుక చూస్తే ఇది ల్యాబ్ రసాయనం కాదు, పంటల మీద కొట్టే బూజు మందు. డ్యూపాంట్ కంపెనీ 1960ల చివర్లో బెన్‌లేట్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది, 2001లో అమ్మకం ఆపేసింది. మన దేశంలో 2018లో కేంద్రం నిషేధించిన పురుగుమందుల జాబితాలో దీని పేరు కూడా ఉంది. గుంటూరు దగ్గర మిరప వేసే మా తమ్ముడికి ఫోన్‌లో చెబితే, "ఆ పేరెప్పుడూ వినలేదక్కా, మన బావిస్టిన్ లాంటిదా?" అన్నాడు. లాంటిదేమిటి, దగ్గరి చుట్టమే. బావిస్టిన్‌లో ఉండేది కార్బెండజిమ్. బెనోమిల్‌కి తడి తగిలితే మెల్లగా మారేది ఆ కార్బెండజిమ్‌గానే. రెండూ చేసే పని ఒకటే. శిలీంద్రంలో ట్యూబులిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని, దానితో తయారయ్యే సూక్ష్మనాళికలను నిలవనివ్వవు. కణం విభజన చెందేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకూ లాగే కండె తంతువులు ఆ నాళికలే.

ఇక దీన్ని ఎందుకు కొన్నానో చెప్పాలి.

కణ విభజన అంటే మనకు గుర్తొచ్చేది డిగ్రీలో ఉల్లి వేరు కొసలు. ఎసిటోకార్మిన్ రంగు వేసి, స్పిరిట్ లాంప్ మీద స్లయిడ్ వెచ్చచేసి, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కడం, మెటాఫేజ్ కనబడగానే మేడమ్‌ని పిలవడం, రికార్డులో బొమ్మ, పక్కన సంతకం. క్రోమోజోములన్నీ మధ్యలో నిలబడ్డాయి, తర్వాత విడిపోయాయి, అంతే. అన్నీ సరిగ్గా తగులుకున్నాయని, ఇక విడిపోవచ్చని కణానికి ఎలా తెలిసిందో మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. నిజానికి కణజీవశాస్త్రంలో ఆసక్తికరమైన సంగతి అక్కడే ఉంది. దానికి జవాబులో పెద్ద భాగం బయటపడింది ఉల్లిలో కాదు, రొట్టెలు పొంగించే ఈస్ట్‌లో. అందులో ఈ పొడి పాత్ర చిన్నదేం కాదు.

ఈస్ట్‌తో ఒక చిక్కుంది. కణం మొత్తం 5 మైక్రాన్ల దాకా ఉంటుంది, అందులో మెటాఫేజ్ కండె 2 మైక్రాన్లు కూడా ఉండదు. పైగా విభజన జరిగేటప్పుడు మనకు లాగా కేంద్రక పొర కరిగిపోదు, అంతా పొర లోపలే జరిగిపోతుంది. క్రోమోజోములు కూడా మామూలు మైక్రోస్కోపులో విడివిడిగా కనబడేంత దట్టంగా చుట్టుకోవు. ఉల్లిలా బొమ్మ గీద్దామంటే గీయడానికేమీ ఉండదు. ఫ్లోరెసెంట్ మైక్రోస్కోపు ఉంటే, మెరిసే ప్రోటీన్ తగిలించిన రకాలుంటే చూడొచ్చు. మా బడ్జెట్‌కి అది మాట వరసకే. అందుకని లోపలికి తొంగిచూడకుండా, ఎవరు బతికారు, ఎవరు చచ్చారు అన్నదాన్ని బట్టి లోపల ఏం జరిగిందో తేల్చుకోవాలి. ఆ పద్ధతికి బెనోమిల్‌ని మించింది నాకు కనబడలేదు.

మేం వేసే ప్రాక్టికల్ ఇది. మూడు రకాల ఈస్ట్ తీసుకుంటాం. ఒకటి మామూలుది, ఒకటి మ్యాడ్2 జన్యువు తీసేసినది, ఇంకోటి బబ్1 తీసేసినది. విభజన మధ్యలో కణం చేసుకునే తనిఖీకి కావలసిన జన్యువులే ఆ రెండూ. ఇలా ఒక్కో జన్యువూ తీసేసిన ఈస్ట్ రకాల సేకరణ ఎప్పట్నుంచో ఉంది, కావలసినవి తెప్పించుకోవచ్చు. రాత్రంతా పెంచి, పదేసి రెట్లు పలచన చేసుకుంటూ వరుసగా చుక్కలు పెడతాం. ఒక ప్లేటులో మందు లేదు. మిగతా ప్లేట్లలో మిల్లీలీటరుకి 5, 10, 15, 20 మైక్రోగ్రాముల బెనోమిల్.

మందు లేని ప్లేటులో మామూలుదీ, మ్యాడ్2 లేనిదీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. బబ్1 లేనిది కాస్త నీరసంగా, చిన్న చిన్న కాలనీలతో పెరుగుతుంది. 10, 15 దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. మామూలుది నెమ్మదిగా అయినా వరుస చివరిదాకా వస్తుంది. మ్యాడ్2 లేనిది, బబ్1 లేనిది మొదటి దట్టమైన చుక్క దగ్గరే ఆగిపోతాయి. 20 దగ్గర మామూలుదానికీ కష్టమే. చుక్కల ఫోటో తీసి పెడితే జీవశాస్త్రం తెలియనివాళ్లకైనా తేడా తెలుస్తుంది.

దీనికంటే నాకు ఎక్కువ ఇష్టమైనది అదే ప్లేటు మీద పలచగా గీసిన గీతను 10 రెట్ల ఆబ్జెక్టివ్ కింద గంటగంటకూ చూడటం. మామూలు ఈస్ట్ మందు తగలగానే ఆగిపోతుంది. తల్లి కణం, దానికి దాదాపు అంతే సైజు మొగ్గ (దాని నుంచి పుట్టే పిల్ల కణం), రెండూ అతుక్కుని అలాగే నిలబడతాయి. మందు లేకపోతే 30 డిగ్రీల దగ్గర గంటన్నరకు ఒకసారి విభజన చెందే కణం ఇది, గంటల తరబడి కదలదు. మ్యాడ్2 లేనిది ఆగదు. సాయంత్రానికి దాని దగ్గర కణాలు ఎక్కువ కనబడతాయి. పిల్లలు అక్కడే పొరబడతారు, "మేడమ్, లేబుళ్లు తారుమారయ్యాయేమో" అంటారు. మర్నాడు చూస్తే ఆగినవి కాలనీ కట్టుకుంటూ ఉంటాయి, దూసుకుపోయినవి కొన్ని కణాల గుంపుగా మిగిలి అక్కడే చచ్చి ఉంటాయి. ప్రాక్టికల్ మొత్తంలో పిల్లలు తమంతట తాము ప్రశ్నలు మొదలుపెట్టేది ఈ పూటే.

1991లో రాంగ్ లీ, ఆండ్రూ మర్రే శాన్ ఫ్రాన్సిస్కోలో ఇదే చూశారు. వాళ్ల వ్యాసం వచ్చిన పత్రికలోనే, అదే సంచికలో ఆండ్రూ హోయ్ట్ బృందం బాల్టిమోర్ నుంచి ఇదే రకం ఫలితాలు ప్రచురించింది. ఒకరు మ్యాడ్ జన్యువులు పట్టుకున్నారు, ఇంకొకరు బబ్ జన్యువులు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఈ పొడే. విభజన మధ్యలో కణం ఆగి చూసుకుంటుంది, ఆ తనిఖీకి ప్రత్యేకంగా జన్యువులుంటాయి అన్న ఆలోచనను 1989లో స్పష్టంగా చెప్పినవాళ్లలో లీలాండ్ హార్ట్‌వెల్ ఒకరు. ఆయనది మా ఊరి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్. 2001లో నోబెల్ వచ్చింది. క్లాసులో ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుంది, ఏదో నాకే వచ్చినట్టు.

లోపల జరిగేది కూడా కొంత చెప్పాలి, లేకపోతే ప్లేటు చూసి "మందు వేస్తే చచ్చింది" అని రాసుకుని వెళ్లిపోతారు.

విభజనకు ముందు ఈస్ట్ తన 16 క్రోమోజోములకూ నకళ్లు తయారుచేసుకుంటుంది. ఒక్కో జతను కొహెసిన్ అనే ప్రోటీన్ ఉంగరాలు కలిపి ఉంచుతాయి. ప్రతి నకలు మీదా ఒక సెంట్రోమియర్ ఉంటుంది. మనుషుల్లో అది లక్షల బేస్‌ల పొడవు. ఈ ఈస్ట్‌లో 125 బేస్‌లు మాత్రమే. 1980లో లూయీస్ క్లార్క్, జాన్ కార్బన్ దాన్ని మొదటిసారి విడిగా పట్టుకోగలిగింది కూడా అది అంత చిన్నది కావడం వల్లే. ఆ సెంట్రోమియర్ మీద పదుల సంఖ్యలో ప్రోటీన్లు చేరి కైనెటోకోర్ కడతాయి. సూక్ష్మనాళిక వచ్చి పట్టుకునేది దాన్నే. మన కణాల్లో ఒక్కో కైనెటోకోర్‌ని పదిహేను, ఇరవై నాళికలు పట్టుకుంటాయి. ఈస్ట్‌లో ఒక్కటే. 32 కైనెటోకోర్లు, 32 నాళికలు. అది జారితే ఆదుకోవడానికి రెండోది లేదు. ఒక్కో క్రోమోజోమ్ ఒక్కటే ఉన్న హాప్లాయిడ్ రకం అయితే ఏ ఒక్క క్రోమోజోమ్ పోయినా చావే. అయినా సరే, మామూలు ఈస్ట్ ఒక క్రోమోజోమ్‌ని పోగొట్టుకోవడం లక్ష విభజనలకు ఒకసారి జరిగే పని.

పట్టు దొరకని కైనెటోకోర్ ఊరికే కూర్చోదు. ఎంపీఎస్1 అనే ఎంజైమ్ అక్కడి ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ గుర్తులు వేస్తుంది. ఆ గుర్తుల మీదికి బబ్3, బబ్1 వచ్చి చేరతాయి, వాటి వెనక మ్యాడ్1, మ్యాడ్2. అక్కడ రూపం మారిన మ్యాడ్2, మ్యాడ్3, బబ్3 కలిసి సీడీసీ20 అనే ప్రోటీన్‌ని కట్టిపడేస్తాయి. విభజన ముందుకు సాగాలంటే ఆ సీడీసీ20 ఖాళీగా ఉండాలి. ముప్పై రెండింటిలో ఒక్క కైనెటోకోర్ మిగిలిపోయినా ఆగమనే కబురు వెళ్తూనే ఉంటుంది. ఒక్క ప్రయాణికుడు కింద ఉన్నా "రైట్" చెప్పని కండక్టరన్నమాట. మా పల్లెవెలుగు బస్సులో అలాంటి కండక్టర్ని నేనైతే చూడలేదు.

బెనోమిల్ ఇక్కడ చేసేదేమిటంటే, నాళికలను బలహీనపరచి పట్టు దొరకడం ఆలస్యం చేయడం. మామూలు రోజుల్లో కైనెటోకోర్లన్నిటికీ తొందరగానే పట్టు దొరికిపోతుంది కాబట్టి మ్యాడ్2 లేకపోయినా ఈస్ట్‌కి పెద్దగా నష్టం లేదు. మందు లేని ప్లేటులో తేడా కనబడనిది అందుకే. ఆలస్యం జరిగినప్పుడే ఆగే అవసరం, ఆగలేనివాళ్ల చావు. బబ్1 సంగతి వేరు. దానికి ఈ తనిఖీతో పాటు సెంట్రోమియర్ దగ్గర ఇంకో పని కూడా ఉంది, కాబట్టి అది లేకపోతే మందు లేకుండానే క్రోమోజోములు తప్పిపోతుంటాయి. చిన్న కాలనీలకు కారణం అదే. పిల్లలు రిపోర్టులో ఈ రెండింటి తేడా రాస్తే నేను ఎగస్ట్రా మార్కులు వేయిస్తాను.

ఈ పొడి చూపించలేనిది కూడా ఒకటుంది, కొనేముందు తెలియాలి. పట్టు దొరకడం ఒక ఎత్తు, సరైన పట్టు దొరకడం ఇంకో ఎత్తు. ఒక జతలోని రెండు నకళ్లనూ కండెకు ఉండే రెండు కొసల్లో (ధ్రువాల్లో) ఒకే ధ్రువం నుంచి వచ్చిన నాళికలు పట్టుకున్నాయనుకోండి. రెండింటికీ పట్టు ఉంది, కానీ రెండూ ఒకే కణంలోకి పోతాయి. ఈస్ట్‌లో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే నకళ్లు తయారయ్యే వేళకే కైనెటోకోర్లు పాత ధ్రువం చుట్టూ మూగి ఉంటాయి. దీన్ని కణం ఎలా పసిగడుతుంది? రెండు వైపుల నుంచీ లాగితే, మధ్యలో కొహెసిన్ వదలకుండా పట్టుకుని ఉంటుంది కాబట్టి బిగువు వస్తుంది. ఒకే వైపు లాగితే బిగువు రాదు. బిగువు లేని పట్టును ఐపీఎల్1 అనే ఎంజైమ్ (క్రికెట్‌తో సంబంధం లేదు) ఫాస్ఫేట్లు తగిలించి వదులు చేసేస్తుంది. అది ఊడిపోయి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈసారీ తప్పయితే మళ్లీ ఊడుతుంది. బిగువు వచ్చిన పట్టు మాత్రం నిలిచిపోతుంది.

ఈ బిగువు సంగతి ముందు తెలిసింది మిడతల్లో. 1969లో బ్రూస్ నిక్లాస్, కరోల్ కోచ్ మిడత కణంలో తప్పుగా తగులుకున్న క్రోమోజోముని సన్నటి గాజు సూదితో లాగి పట్టుకున్నారు. బిగువు తగలగానే ఆ తప్పుడు పట్టే స్థిరంగా నిలిచిపోయింది. ఆ చేతుల నిబ్బరానికి దండం పెట్టాలి. ఈస్ట్‌లో ఐపీఎల్1 పాత్రను 2001, 2002 ప్రాంతంలో స్యూ బిగిన్స్, ఆండ్రూ మర్రే ఒకవైపు, తొమొయుకి తనాకా వాళ్లు ఇంకోవైపు చూపించారు. 2010లో మా సియాటిల్‌లోనే బిగిన్స్, చార్లెస్ ఆస్‌బరీ బృందాలు ఈస్ట్ నుంచి కైనెటోకోర్లను విడదీసి, ఒక్క నాళికకు తగిలించి లేజర్‌తో లాగి చూశాయి. కాస్త లాగితే పట్టు ఊడకపోగా ఇంకా ఎక్కువసేపు నిలిచింది. అక్కడ ఐపీఎల్1 కూడా లేదు, ఒట్టి లాగుడే. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన ఫలితం అది.

ఇదంతా చూపించాలంటే బెనోమిల్ చాలదు. వేడికి ఐపీఎల్1 పని మానేసే రకం, 37 డిగ్రీల ఇంక్యుబేటర్ కావాలి. ఆ ఉష్ణోగ్రతలో ఆ కణాలు ఆగవు, క్రోమోజోములను అడ్డదిడ్డంగా పంచుకుని చచ్చిపోతాయి. మేం దాన్ని పక్క ప్రాక్టికల్‌గా వేస్తాం.

విడిపోయే ఘట్టం ఈ పొడికి సంబంధించినది కాదు కనుక క్లుప్తంగా రాస్తాను. అన్నీ తగులుకున్నాక సీడీసీ20 ఖాళీ అవుతుంది. అది సెక్యూరిన్ అనే ప్రోటీన్‌ని నాశనానికి అప్పగిస్తుంది. అంతదాకా సెక్యూరిన్ చేతిలో బందీగా ఉన్న సెపరేజ్ బయటికొచ్చి కొహెసిన్ ఉంగరాలను కోసేస్తుంది. వియన్నాలో కిమ్ నాస్మిత్ బృందం సెపరేజ్ బదులు ఎక్కడో వైరస్ నుంచి తెచ్చిన ఎంజైమ్‌తో ఆ ఉంగరాన్ని కోయించినా జతలు విడిపోయాయి. కోత పడితే చాలు, ఎవరు కోశారన్నది లెక్కలేదు.

సరే, పొడి దగ్గరికి వద్దాం. వాడకంలో దీనికి చాలా మొండితనం ఉంది. నీళ్లలో కరగదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల స్టాక్ చేసుకుని, చిన్న ట్యూబుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. అసలు తంటా మీడియాలో (ప్లేట్లలో పోసే ఈస్ట్ ఆహారంలో) కలిపేటప్పుడు. మీడియా చల్లారాక పోస్తే మందు స్ఫటికాలుగా విడిపోయి ప్లేటంతా తెల్లటి నలకలు పడతాయి. ఆటోక్లేవ్ నుంచి తీసిన వేడి మీదే, అయస్కాంతం తిరుగుతుండగా, బొట్టు బొట్టుగా వేయాలి. యాంటీబయాటిక్ వేసినట్టు "చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక" అన్న సూత్రం ఇక్కడ పనికిరాదు. ప్లేట్లను 30లో కాకుండా 23, 25 డిగ్రీల దగ్గర పెట్టండి. చల్లదనంలో సూక్ష్మనాళికలు ఇంకా బలహీనపడతాయి, మందు బాగా పనిచేస్తుంది. ఎంత మోతాదు అనేది మీ ఈస్ట్ రకాన్ని బట్టి ఉంటుంది, పక్క ల్యాబ్ వాళ్ల అంకె గుడ్డిగా వాడకండి. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ 5 నుంచి 20 దాకా ప్లేట్లు పోసి చూసుకోవడమే మార్గం.

ఆ కొత్త సీసా దగ్గరే నా ఒక్క మార్కు పోయింది. మొదటి సీసా బ్రహ్మాండం. అయిపోయాక అదే దుకాణం నుంచి అదే కేటలాగ్ నంబర్ తెప్పిస్తే మూత బిగుసుకుని లేదు, పొడి ఉండలు కట్టి ఉంది. 15 ప్లేటులో మ్యాడ్2 లేనిది హాయిగా పెరిగింది. కస్టమర్ సర్వీస్ వాళ్లు ముందు ఫోటోలు పంపమన్నారు, పంపాను. తర్వాత నిల్వ సరిగ్గా చేశారా అని అడిగారు. తర్వాత లాట్ నంబర్. తర్వాత వారం రోజుల మౌనం. చివరికి వేరే లాట్ పంపారు, అది బాగానే పనిచేసింది, కానీ షిప్పింగ్ ఖర్చు మా నెత్తినే వేశారు. అందుకని సీసా రాగానే మూత చూడండి, పొడి జారుతోందా లేదా ఊపి చూడండి. ప్రాక్టికల్ వారంలో తెరిచి చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

నోకోడజోల్‌తో పోలిస్తే? అదీ ట్యూబులిన్ మీదే పనిచేస్తుంది, కానీ మిల్లీగ్రాముల లెక్కన అమ్ముతారు, ధర చూస్తే గుండె గుభేల్. ద్రవంలో పెరుగుతున్న కల్చర్ మొత్తాన్ని ఒక్కసారి ఆపాలంటే అదే మేలు. మిల్లీలీటరుకి 15 మైక్రోగ్రాములు వేసి రెండు మూడు గంటలాగితే ఎక్కువ కణాలు పెద్ద మొగ్గతో నిలబడతాయి. కడిగేస్తే కండె మళ్లీ కట్టుకుని కదులుతాయి. ప్రోటీన్ల లెక్కలు తీసే పరిశోధన ల్యాబ్ అయితే అది కొనండి. ప్లేట్ల మీద బతుకు, చావు చూసే పనికి బెనోమిల్ చాలు. ఇక "కాల్చిసిన్ ఉంది కదా, డిగ్రీలో వాడాం కదా" అనేవాళ్లకు: ఉల్లికి పనిచేస్తుంది, ఈస్ట్ ట్యూబులిన్‌కి అది సరిగ్గా అతుక్కోదు. డబ్బు దండగ.

ఒక సరదా సంగతి. ఎక్కువ మోతాదు ప్లేటును పారేయకుండా ఇంకొన్నాళ్లు ఉంచితే, అంతా ఖాళీగా ఉన్నచోట ఒక కాలనీ నిక్షేపంగా లేచి కనబడుతుంది ఒక్కోసారి. ట్యూబులిన్ జన్యువులో చిన్న మార్పు వచ్చి మందు అతుక్కోలేని రకాలు ఇలాగే దొరుకుతాయి. శాస్త్రవేత్తలు ఈస్ట్ బీటా ట్యూబులిన్ జన్యువులో మార్పులు ఏరుకున్నది ఈ ఉపాయంతోనే. నాళికలు మరీ గట్టిపడిపోయి, మందు ఉంటే తప్ప పెరగలేని రకం కూడా ఉందంటే నమ్మండి. ఈ కాలనీ ఫోటో తమ్ముడికి పంపితే, "మా చేలో జరిగేదీ అదేనక్కా. వరసగా అదే మందు కొడితే తర్వాత పనిచేయదని వ్యవసాయాధికారి గారు చెబుతూనే ఉంటారు" అన్నాడు. పొలాల్లో కార్బెండజిమ్‌కి లొంగని బూజుల్లో చాలావాటిలో ఉన్నదీ బీటా ట్యూబులిన్ మార్పే.

జాగ్రత్తలు తేలిగ్గా తీసుకోకండి. లేబుల్ మీద జన్యు మార్పుల హెచ్చరికా, పునరుత్పత్తికి హాని హెచ్చరికా రెండూ ఉంటాయి. అది ఊరికే రాసింది కాదు, క్రోమోజోముల పంపకాన్ని చెడగొట్టడమే దీని పని. తూకం హుడ్‌లోనే, నైట్రైల్ గ్లవ్స్‌తో. డీఎంఎస్‌ఓలో కరిగాక చర్మం గుండా లోపలికి పోవడం ఇంకా సులువు, కాబట్టి గ్లవ్ మీద పడితే వెంటనే మార్చాలి. గర్భంతో ఉన్నవాళ్లను, పిల్లల కోసం చూస్తున్నవాళ్లను ఈ తూకం పనికి నేను పెట్టను, కారణం అడగకుండానే వేరే పని ఇస్తాను. విద్యార్థులకు పొడి అసలు ఇవ్వను, పోసి గట్టిపడిన ప్లేట్లే ఇస్తాను.

వాడిన ప్లేట్లను మామూలు ఈస్ట్ ప్లేట్లతో కలిపి ఆటోక్లేవ్ చేసి చెత్తలో వేయకండి. కణాలు చస్తాయి కానీ మందు ఎక్కడికీ పోదు. విడిగా సంచిలో కట్టి, పేరు, తేదీ రాసి కెమికల్ వేస్ట్ వాళ్లకు ఇవ్వాలి. మిగిలిన స్టాక్‌ని సింక్‌లో పోయడమైతే అసలు కుదరదు. మా దగ్గర ఆ బండి నెలకోసారే వస్తుంది కాబట్టి, ఈ ప్రాక్టికల్‌ని బండి వచ్చే వారానికి ముందు వారంలో పెట్టుకుంటాం.